షుగర్ ఉన్నవాళ్ల కంటికి యంత్రం కొనే ముందు: తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖకు బహిరంగ లేఖ

తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ ఉన్నతాధికారులకు, ప్రభుత్వ ఆసుపత్రులకు పరికరాల స్పెసిఫికేషన్లు రాసే ఇంజనీర్లకు, మెహిదీపట్నం సరోజినీదేవి కంటి ఆసుపత్రి మొదలుకొని జిల్లా ఆసుపత్రుల దాకా కంటి విభాగాలు నడిపే పెద్దలకు,

నమస్కారం.

మేము హైదరాబాద్‌లో రెటీనా (కంటి లోపల వెనక వైపు ఉండే, చూపునిచ్చే పొర) ఫొటోలు తీసే టెక్నీషియన్లం, వాటిని చదివే ఆప్టోమెట్రిస్టులం, డాక్టర్లం. షుగర్ ఉన్నవాళ్ల రెటీనాలో రక్తం ఎలా పారుతోందో చూసే యంత్రాల గురించి ఈ లేఖ రాస్తున్నాం. కొనుగోలు కాగితంలో "రెటీనా రక్తప్రవాహం పరీక్షించు పరికరం" అని ఒక్క వరుస రాస్తే నాలుగైదు రకాల యంత్రాలు ఆ వరుసలో ఇమిడిపోతాయి. వాటిలో ఏ రెండూ ఒకే పని చెయ్యవు. ధర తక్కువ చెప్పినవాళ్లది వస్తుంది, గదిలో పెడతారు. పేషెంట్‌కు కావలసిన సమాధానం మాత్రం అందులోంచి రాకపోవచ్చు.

వీధిలో నల్లా నీళ్ల గురించి ఫిర్యాదు వస్తే లైన్‌మన్ మూడు సంగతులు విడివిడిగా చూస్తాడు: ఏ ఇంటికి నీళ్లు అందడం లేదు, పైపు ఎక్కడ కారుతోంది, గంటకు ఎన్ని లీటర్లు వస్తున్నాయి. రెటీనా విషయంలోనూ అడగాల్సినవి ఇవే. ఏ కేశనాళికలు (అతి సన్నని రక్తనాళాలు) మూసుకుపోయాయి? ఎక్కడ లీకవుతోంది? నిమిషానికి ఎంత రక్తం పారుతోంది? మొదటి దానికి రెండు మంచి పద్ధతులున్నాయి. రెండో దానికి రంగు ఎక్కించి తీసే యాంజియోగ్రామ్‌ను మించింది ఇప్పటికీ లేదు. మూడో దాన్ని కొలిచే యంత్రాలు ఉన్నా, వాటి అంకె చూసి ఒక పేషెంట్‌కు వైద్యం నిర్ణయించే దశ ఇంకా రాలేదు.

ముందు పాత పద్ధతి సంగతి. ఫ్లోరెసిన్ యాంజియోగ్రఫీ 1961లో ప్రచురితమైంది. అరవై ఏళ్లు దాటింది కాబట్టి దీన్ని తీసేసి కొత్తది పెడదాం అనే మాట వినిపిస్తుంటుంది. తీసేయొద్దని మా మొదటి విన్నపం. 10 శాతం ఫ్లోరెసిన్ రంగు మందు 5 మిల్లీలీటర్లు, అంటే 500 మిల్లీగ్రాములు, మోచేతి దగ్గరి సిరలోకి ఎక్కిస్తాం. నీలి కాంతి పడితే అది పసుపుపచ్చని కాంతి వెదజల్లుతుంది. సుమారు 10 నుంచి 15 సెకన్లలో కంట్లోకి చేరుతుంది. మొదటి అర నిమిషంలో ధమనులు, కేశనాళికలు, సిరలు వరసగా నిండుతాయి. 5 నుంచి 10 నిమిషాల తర్వాత తీసే చివరి ఫొటోల్లో కారిన చోటల్లా మబ్బులా పరుచుకుని కనిపిస్తుంది. కొత్తగా పుట్టిన పెళుసు రక్తనాళాలు అయితే మొదటి నిమిషంలోనే భగ్గుమంటాయి. కాలంతో పాటు మారే ఈ దృశ్యం ఇంకే పద్ధతిలోనూ దొరకదు.

ఈ పరీక్ష చెడిపోయేది ఎక్కువగా సూది దగ్గరే. మందును సెకనుకు ఒక మిల్లీలీటరు చొప్పున ఎక్కించాలి. సన్నని సిరలోకి భయపడుతూ అర నిమిషం పాటు నెట్టితే రంగు ఒక్కసారిగా కాకుండా చుక్కచుక్కగా కంటికి చేరుతుంది. అప్పుడు "రంగు ఆలస్యంగా వచ్చింది" అని రిపోర్టులో రాస్తే అది మన చేతి ఆలస్యమే కావచ్చు. మందు సిర బయటికి జారితే తీవ్రమైన మంట, ఆ చోట చర్మం దెబ్బతినే ప్రమాదం. అందుకే ముందు సెలైన్ పంపి సిర సరిగ్గా దొరికిందని చూసుకోవాలి. సూది గుచ్చకముందే ఫిల్టర్లు వేసి ఒక ఫొటో తీయాలి. ఫిల్టర్లు పాతబడితే ఆ ఫొటోలోనే అక్కడక్కడా మెరుపు కనిపిస్తుంది. ఆ ఫొటో తీసి పెట్టుకోకపోతే తర్వాత అదే మెరుపును లీకేజీ అనుకుంటాం. ఇంకొకటి: మొదటి అర నిమిషం ఒక కంటికే దక్కుతుంది. ఏ కన్నో డాక్టర్ చీటీలో రాయాలి. రాయకపోతే టెక్నీషియన్ అలవాటుగా కుడి కన్ను తీస్తాడు, జబ్బు ఎడమ కంట్లో ఉంటుంది.

ప్రమాదం లేదని మేము అనం. కొందరికి అర నిమిషం తర్వాత వికారం, వాంతి వస్తాయి, కొద్దిమందికి దద్దుర్లు లేస్తాయి, చాలా అరుదుగా ప్రాణాపాయకరమైన ఎలర్జీ వస్తుంది. గదిలోనే అడ్రినలిన్, ఆక్సిజన్, సెలైన్, బీపీ యంత్రం ఉండాలి. అడ్రినలిన్ వెయ్యికి ఒకటి ద్రావణం 0.5 మిల్లీలీటరు తొడ కండరంలోకి ఇవ్వాలని గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉండాలి. పరీక్ష అయ్యాక పేషెంట్‌ను అరగంట కూర్చోబెట్టాలి. అడ్రినలిన్ తాళం వేసిన స్టోర్‌లో, తాళంచెవి ఇంకో బ్లాక్‌లో ఉండే చోట ఈ పరీక్ష చెయ్యకూడదు.

షుగర్ పేషెంట్‌కు ప్రత్యేకంగా మరో ప్రమాదం ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఖాళీ కడుపుతో రమ్మంటాం, ఇన్సులిన్ సంగతి చెప్పం. ఉదయం ఇన్సులిన్ తీసుకుని, ఏమీ తినకుండా సూర్యాపేట నుంచో వికారాబాద్ నుంచో బస్సెక్కి వచ్చి, పదకొండింటికి వరసలో చెమటలు పట్టి కూలిపోతే అది రంగు మందు తప్పు కాదు. చీటీ మీదే ఇన్సులిన్ ఎప్పుడు, టిఫిన్ ఎప్పుడు అని రాయండి. షుగర్ ఉన్నవాళ్లకు మొదటి వరుస ఇవ్వండి. రక్త పరీక్షలు అదే రోజు ఉంటే నమూనా ముందే తీయాలి. ఈ రంగు ఒంట్లో ఉన్నంతసేపు కొన్ని రక్త, మూత్ర పరీక్షల ఫలితాలు తారుమారు కావచ్చు. చర్మం కొన్ని గంటలు పచ్చగా ఉంటుందని, మూత్రం ఒకటి రెండు రోజులు ముదురు పసుపులో వస్తుందని ముందే చెప్పకపోతే కామెర్లు వచ్చాయని బెంబేలెత్తి పరుగెత్తుకొస్తారు.

కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకు ఈ పరీక్ష అసలే పనికిరాదని కొన్ని చోట్ల వెనక్కి పంపేస్తున్నారు. ఫ్లోరెసిన్‌లో అయోడిన్ ఉండదు. సీటీ స్కాన్‌కు ఇచ్చే మందుతో దీన్ని కలపకూడదు. కిడ్నీల ద్వారానే బయటికి పోతుంది కాబట్టి ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది, మోతాదు తగ్గించి చేస్తారు. అయోడిన్ ఎలర్జీ గురించి అడగాల్సింది కోరాయిడ్ (రెటీనా వెనక ఉండే రక్తనాళాల పొర) చూడటానికి వాడే ఇండోసయనిన్ గ్రీన్ ఇచ్చేటప్పుడు. ఇక గర్భిణులకు, గతంలో ఈ రంగు పడనివారికి, సిర దొరకనివారికి మాత్రం మరో దారి కావాలి.

ఆ దారి ఓసీటీ యాంజియోగ్రఫీ (ఓసీటీఏ). ఓసీటీ అంటే కాంతితో రెటీనా పొరలను అడ్డకోతలా చూపించే స్కాన్. సూది లేదు, రంగు లేదు. రెటీనాలో ఒకే గీత మీద కొన్ని మిల్లీసెకన్ల తేడాతో రెండు మూడు సార్లు స్కాన్ చేస్తుంది. రెండు స్కాన్ల మధ్య మారనిది కణజాలం, మారింది కదిలే రక్తం. ఆ మార్పునే బొమ్మగా గీస్తుంది. రక్తనాళాల పొరలు విడివిడిగా, పై పొర ఒకటి, లోపలి పొర ఒకటి అన్నట్టు కనిపించడం దీని గొప్పదనం. ఫ్లోరెసిన్ ఫొటోలో లోతైన పొర దాదాపు కనిపించదు. షుగర్‌లో ఆ లోతైన పొర కేశనాళికలు ముందుగా దెబ్బతినడం తరచుగా చూస్తాం. మాక్యులా (సూటి చూపునిచ్చే రెటీనా మధ్యభాగం) నడుమ రక్తనాళాలు లేని చిన్న ప్రాంతం అంచులు చిరిగినట్టు పెరిగిపోతే, మంచి మందులు ఇచ్చినా చూపు ఎందుకు రావడం లేదో ఇందులో తెలుస్తుంది. ఈ పని కోసం దీన్ని కొనాల్సిందే.

అయితే ఇది చూపించేది కదలికను. వేగాన్ని కాదు, పరిమాణాన్ని కాదు. సెకనుకు సుమారు 0.3 మిల్లీమీటరు కన్నా నెమ్మదిగా కదిలే రక్తాన్ని వాడుకలో ఉన్న చాలా యంత్రాలు లేనట్టే లెక్కిస్తాయి. ఒక స్థాయి దాటిన వేగాలన్నీ ఒకేలా తెల్లగా కనిపిస్తాయి. అందుకే ఫ్లోరెసిన్‌లో చుక్కలు చుక్కలుగా వెలిగే మైక్రోఅన్యూరిజమ్‌లలో (కేశనాళికల మీద వచ్చే చిన్న ఉబ్బుల్లో) కొన్ని ఇందులో కనపడవు. వాటి లోపల రక్తం సుడి తిరుగుతూనో నిలిచిపోయో ఉంటుంది. లీకేజీ అయితే అసలే కనిపించదు. "ఓసీటీఏ ఉంది కదా, ఇక యాంజియోగ్రామ్ గది ఎందుకు" అనేవాళ్లకు మా జవాబు ఇదే.

స్పెసిఫికేషన్‌లో స్కాన్ కొలత ఒక్కటే రాస్తే చాలదు, అందులో ఎన్ని గీతలో కూడా రాయాలి. 3 మిల్లీమీటర్ల చదరంలో 304 గీతలు వేస్తే గీతకూ గీతకూ మధ్య సుమారు 10 మైక్రాన్లు. అవే 304 గీతలతో 6 మిల్లీమీటర్లు తీస్తే దాదాపు 20 మైక్రాన్లు. కేశనాళిక వెడల్పు 5 నుంచి 10 మైక్రాన్లు. రెండో బొమ్మలో సన్నని కేశనాళికలు గీతల మధ్య జారిపోవచ్చు, రిపోర్టులో "రక్తనాళాల సాంద్రత తక్కువ" అని రావచ్చు. సెకనుకు 70 వేల స్కాన్లు చేసే యంత్రం 304 గీతల చదరాన్ని గీతకు రెండుసార్ల చొప్పున ముగించడానికి రమారమి 2.6 సెకన్లు పడుతుంది. ఆ 2.6 సెకన్లు కన్ను కదలకూడదు. చూపు మందగించిన పెద్దవాళ్లకు యంత్రం లోపల చూడాల్సిన గురుతు కనిపించదు, కన్ను తిరుగుతుంది. కన్ను కదిలినప్పుడు సర్దుకునే ఐ ట్రాకింగ్ ఉందా లేదా అన్నది మాకు స్క్రీన్ సైజు కన్నా ముఖ్యం.

పేషెంట్ గడ్డం పెట్టుకునే చోటు నుంచి లేవకముందే టెక్నీషియన్ బొమ్మను చూడాలి. ఈ ఒక్క అలవాటుతో పనికిరాని స్కాన్లు చాలా వరకు తగ్గుతాయి. అడ్డంగా నల్లని పట్టీ ఉంటే రెప్ప వేశారు. రక్తనాళం రెండుగా చీలి పక్కకు జరిగినట్టుంటే కన్ను కదిలింది. మొత్తం పొగలా ఉంటే కన్ను పొడిబారింది. కృత్రిమ కన్నీటి చుక్క వేసి, రెండుసార్లు రెప్పలు ఆడించమని మళ్లీ తీస్తే చాలాసార్లు బాగుపడుతుంది. ఒక మూల మాత్రమే నల్లగా ఉందనుకోండి, అదే స్కాన్‌లోని మామూలు ఓసీటీ బొమ్మను పక్కన పెట్టి చూడాలి. రెండింటిలోనూ అదే చోట చీకటి ఉంటే విట్రియస్‌లో (కంటి లోపలి జెల్లీలో) తేలే రక్తపు మరక నీడో శుక్లం నీడో. ఓసీటీఏ బొమ్మలో మాత్రమే చీకటి ఉంటే అక్కడ రక్తం అందకపోవడమో, మరీ నెమ్మదిగా కదలడమో కావచ్చు. ఈ తేడా చూడకుండా నీడను ఇస్కీమియా (రక్తం అందకపోవడం) అని రాసిన రిపోర్టు పేషెంట్‌ను అనవసరంగా లేజర్ దాకా తీసుకెళ్తుంది.

లోపలి పొర బొమ్మ మరింత మోసం చేస్తుంది. పై పొరలోని పెద్ద రక్తనాళాల నీడ కింది పొర మీద పడి, అక్కడా రక్తనాళాలు ఉన్నట్టే కనిపిస్తుంది. ఆ నీడను తీసేసే సాఫ్ట్‌వేర్ యంత్రంతో పాటే రావాలి, విడిగా డబ్బు కట్టి కొనుక్కునే అదనంగా కాదు. మాక్యులాలో వాపు ఉన్నప్పుడు యంత్రం పొరల గీతలు తప్పుగా గీస్తుంది. గీతలు చేత్తో సరిదిద్దాలి, లేదా ఆ స్కాన్‌లోని అంకెల్ని కొట్టేయాలి.

అంకెల దగ్గరే మా భయం ఎక్కువ. బొమ్మ కింద "సాంద్రత ఇంత శాతం" అని అచ్చవుతుంది. ఒక కంపెనీ యంత్రంలో వచ్చిన అంకెను మరో కంపెనీ యంత్రంలో వచ్చిన అంకెతో పోల్చకూడదు. సిగ్నల్ తగ్గితే సాంద్రత కూడా తగ్గినట్టు వస్తుంది. శుక్లం ఆపరేషన్ అయ్యాక అదే కంట్లో సాంద్రత "పెరిగినట్టు" కనిపిస్తుంది, కొత్తగా ఏ నాళమూ తెరుచుకోకపోయినా. కన్ను పొడవు కూడా లెక్కలోకి రావాలి. 24 మిల్లీమీటర్ల కన్ను అనుకుని లెక్కేసే యంత్రం ముందు 26 మిల్లీమీటర్ల మైనస్ పవర్ కన్ను పెడితే, అసలు విస్తీర్ణం యంత్రం చెప్పినదానికన్నా దాదాపు 19 శాతం ఎక్కువ ఉంటుంది. కాబట్టి కంపెనీ చెప్పిన కనీస నాణ్యత స్కోరు రాని స్కాన్ మీద అంకె అచ్చు కాకూడదు. పది పాయింట్ల స్కోరు ఉన్న యంత్రాల్లో 7 కింద వచ్చినవాటిని మేము పక్కన పెడతాం. ఏళ్ల తరబడి ఒకే పేషెంట్‌ను ఒకే యంత్రంలో, ఒకే కొలతలో తీయాలి. యంత్రం మారితే ఆ రోజును కొత్త మొదటి రోజుగా రాసుకోవాలి.

నిమిషానికి ఎంత రక్తం అన్న మూడో ప్రశ్నకు డాప్లర్ ఓసీటీ, లేజర్ స్పెకిల్ అనే రెండు దారులు చెబుతారు. ఆరోగ్యవంతుల్లో రెటీనా మొత్తానికి నిమిషానికి సుమారు 30 నుంచి 50 మైక్రోలీటర్ల రక్తం వెళ్తుంది, పద్ధతిని బట్టి అంకె మారుతుంది. డాప్లర్ ఓసీటీ దీన్ని అసలు యూనిట్లలోనే ఇస్తుంది. చిక్కు కోణంతో. రెటీనా రక్తనాళాలు కాంతికి దాదాపు అడ్డంగా పడుకుని ఉంటాయి. 85 డిగ్రీల కోణాన్ని 84 అని లెక్కేస్తే వేగంలో సుమారు 17 శాతం తప్పు వస్తుంది. 125 మైక్రాన్ల సిరను 135గా కొలిస్తే వైశాల్యం 17 శాతం దాకా ఉబ్బుతుంది. ఈ రెండూ కలిస్తే జబ్బు వల్ల వచ్చిన తేడా ఏదో కొలత తప్పు ఏదో విడదీయలేం. పైగా రక్తపోటు, ఆ గంటకు ఉన్న షుగర్, పొగ తాగడం, కంటిపాప పెద్దది చేయడానికి వేసే ఫినైలెఫ్రిన్ చుక్కలు కూడా ప్రవాహాన్ని మార్చవచ్చు.

లేజర్ స్పెకిల్ ఫ్లోగ్రఫీ నాలుగు సెకన్లలో సెకనుకు 30 ఫ్రేముల చొప్పున తీసి, గుండె కొట్టుకునే లయతో పాటు మారే ప్రవాహాన్ని చూపిస్తుంది. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. ఆ అంకెకు యూనిట్ లేదు. ఒకే కంటిని నెల క్రితంతో పోల్చడానికి పనికొస్తుంది, రామయ్య కంటిని సోమయ్య కంటితో పోల్చడానికి అంతగా పనికిరాదు. ఈ రెండూ పరిశోధన చేసే చోట ఉండాలి. జిల్లా ఆసుపత్రి డబ్బుతో కొనకండి.

ఒక చిన్న మాట. రెండు కళ్లలో ఒకదానిలో మాత్రమే షుగర్ జబ్బు బాగా ముదిరితే, రెటీనా యంత్రాల దగ్గర ఆగిపోకుండా మెడ ధమనులకు డాప్లర్ అల్ట్రాసౌండ్ చేయించాలి. ఆ వైపు కెరోటిడ్ ధమని మూసుకుపోతుండవచ్చు. ఇందుకు కొత్తగా కొనాల్సిందేమీ లేదు, రేడియాలజీకి ఒక చీటీ చాలు.

ఇక అంచుల సంగతి. 3 మిల్లీమీటర్ల ఓసీటీఏ రెటీనాలో దాదాపు 10 డిగ్రీలు చూపిస్తుంది, 12 మిల్లీమీటర్లదైతే 40 డిగ్రీలు. షుగర్ జబ్బులో కేశనాళికలు మూసుకుపోవడం ఎక్కువగా మాక్యులా బయట, మధ్య అంచుల్లో జరుగుతుంది. అల్ట్రా వైడ్‌ఫీల్డ్ కెమెరా ఒకే ఫొటోలో 200 డిగ్రీల వరకు తీస్తుంది. డీఆర్‌సీఆర్ నెట్‌వర్క్ (షుగర్ కంటి జబ్బులపై పరిశోధన చేసే అమెరికా బృందం) నాలుగేళ్ల పాటు పేషెంట్లను గమనించి 2022లో ప్రచురించిన అధ్యయనంలో ఒక సంగతి తేలింది. వైడ్‌ఫీల్డ్ ఫ్లోరెసిన్‌లో అంచుల మచ్చలు, రక్తం అందని మేర ఎక్కువగా ఉన్న కళ్లలో జబ్బు ఎక్కువగా ముదిరింది. అవే అంచుల మచ్చలను ఫ్లోరెసిన్ లేని వైడ్‌ఫీల్డ్ రంగు ఫొటోలో లెక్కపెడితే ఆ సంబంధం కనిపించలేదు. వైడ్‌ఫీల్డ్ కెమెరా కొంటూ ఫ్లోరెసిన్ సౌకర్యం లేని మోడల్ తీసుకుంటే డబ్బు మిగలదు, సగం యంత్రం వస్తుంది.

కాబట్టి మా అభ్యర్థన ఇది. బస్తీ దవాఖానాలకు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు రక్తప్రవాహ యంత్రాలు వద్దు. 45 డిగ్రీల నాన్ మిడ్రియాటిక్ ఫండస్ కెమెరా (కంటిపాప పెద్దది చేసే చుక్కలు లేకుండానే రెటీనా ఫొటో తీసేది), కంటికి రెండు ఫొటోలు చాలు: ఒకటి మాక్యులా నడుమగా, ఒకటి కంటి నరం నడుమగా. 2018 ఆగస్టు 15న మొదలైన కంటి పరీక్షల కార్యక్రమం కంటి వెలుగు ఊరూరా జనం దగ్గరికి వెళ్లగలమని చూపించింది. కానీ చార్టులో చివరి వరస చదివినవాళ్ల రెటీనాలోనూ షుగర్ జబ్బు ముదిరి ఉండవచ్చు, అది ఫొటోలోనే దొరుకుతుంది. జిల్లా ఆసుపత్రికి ముందు మామూలు ఓసీటీ, ఫ్లోరెసిన్ తీయగల కెమెరా. ఓసీటీఏ కూడా పెట్టగలిగితే ఆ ఓసీటీలోనే కలిసి వచ్చేది తీసుకోండి. నగరంలోని పెద్ద ఆసుపత్రులకు ఓసీటీఏ, వైడ్‌ఫీల్డ్ ఫ్లోరెసిన్ రెండూ ఒకే అంతస్తులో ఉండాలి. చుక్కలు వేయించుకుని మసక కళ్లతో మెట్లెక్కి దిగడం పెద్దవాళ్లకు ప్రమాదం.

టెండర్‌లో ఈ మాటలు కూడా చేర్చండి. బొమ్మలు డైకామ్ (ఏ కంపెనీ సాఫ్ట్‌వేర్ అయినా చదవగల ప్రామాణిక) రూపంలో బయటికి ఇవ్వాలి, కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో బందీ కాకూడదు. నిర్వహణ ఒప్పందం ఐదేళ్లకు తగ్గకూడదు. యూపీఎస్, ఏసీ, డేటా బ్యాకప్ ధరలోనే ఉండాలి. యంత్రానికి ఇద్దరు టెక్నీషియన్లకు శిక్షణ ఇవ్వాలి, ఒక్కరికే ఇస్తే వాళ్లు బదిలీ అయిన రోజే యంత్రానికి గుడ్డ కప్పుతారు. వారానికి తీసిన స్కాన్లలో ఎన్ని పనికిరాకుండా పోయాయో, ఎందుకో, ఒక రిజిస్టర్ రాయించండి.

పేషెంట్ చేతికి ఇచ్చే కాగితం తెలుగులోనూ ఉర్దూలోనూ ఉండాలి. ఏ కన్నుకు ఏ పరీక్ష చేశాం, బొమ్మ బాగా వచ్చిందా, మూసుకుపోయిన నాళాలు ఎక్కడ, లీకేజీ ఉందా, మళ్లీ ఏ తేదీన రావాలి. ఈ ఐదు వరసలు పెద్ద అక్షరాల్లో వేయండి. ఆ నమూనా కాగితాన్ని మేము రాసి ఇస్తాం. స్పెసిఫికేషన్లు రాసే రోజు పిలిస్తే, పాత స్కాన్లలో పేర్లు తీసేసి పట్టుకొచ్చి, ఏ బొమ్మ ఎందుకు చెడిందో కూర్చుని చూపిస్తాం.

ఇట్లు,
హైదరాబాద్‌లోని కొందరు రెటీనా ఇమేజింగ్ టెక్నీషియన్లు, ఆప్టోమెట్రిస్టులు, రెటీనా డాక్టర్లు